ఈఎస్‌ఐ సిక్ లీవు డబ్బు: టైమాఫీసు కిటికీ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిమెట్లలో ప్లాస్టిక్ సామాను చేసే ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో పదిహేడేళ్లు కూర్చున్నాను. జబ్బు చేసినవాడు డాక్టర్ని "ఎప్పుడు తగ్గుద్ది?" అని అడుగుతాడు. మా కిటికీ దగ్గరికొచ్చి "ఈ నెల ఎంతొస్తది?" అని అడుగుతాడు. ఆ రెండో ప్రశ్నకు ఇన్నేళ్లలో నేను చెప్పిన జవాబులన్నీ ఒకచోట రాసిపెడదామని ఇది మొదలుపెట్టాను. ఎక్కువ భాగం ఈఎస్‌ఐ గురించే, అంటే జీతంలోంచి కోసి నడిపే ప్రభుత్వ కార్మిక బీమా గురించి. చివర్లో ఈఎస్‌ఐ లేనివాళ్ల సంగతీ ఉంది, అక్కడ చెప్పడానికి ఉన్నదే తక్కువ.

ఈఎస్‌ఐ అంటే ఆస్పత్రి, మందులే కదా? ఇంట్లో పడుకుంటే డబ్బు కూడా ఇస్తారా?

ఇస్తారు. మందుబిళ్లల క్యూ గురించి అందరికీ తెలుసు, ఈ డబ్బు సంగతి మాత్రం ఐదారేళ్ల సర్వీసు ఉన్నవాళ్లకే తెలియదు. పే స్లిప్పులో ఈఎస్‌ఐ అని కోత పడుతుంది చూడండి, అది జీతంలో 0.75 శాతం. యజమాని తన వాటాగా ఇంకో 3.25 శాతం కడతాడు. 2019 జులై నుంచి రేట్లు ఇవే. 15,000 జీతం వాడికి నెలకు 113 రూపాయలు పోతాయి, అంటే రోజుకు నాలుగు రూపాయలు కూడా కాదు. జబ్బు వల్ల పనికి రాలేని రోజులకు జీతంలో కొంత భాగం బ్యాంకు ఖాతాలో వేయడం కూడా ఆ కోతలో ఉన్న హక్కే. దాని అసలు పేరు సిక్‌నెస్ బెనిఫిట్. మావాళ్లు "సిక్కు డబ్బులు" అంటారు.

ఎవరికి వర్తిస్తుంది?

పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లకు. దివ్యాంగులైన ఉద్యోగులకు ఈ పరిమితి 25,000. పర్మనెంటా, క్యాజువలా, కాంట్రాక్టర్ కిందా అన్న తేడా లేదు. మధ్యలో జీతం 21,000 దాటితే ఆ రోజే పేరు తీసేయరు, నడుస్తున్న ఆరు నెలల కాంట్రిబ్యూషన్ పీరియడ్ ముగిసేదాకా కోత పడుతుంది, రక్షణ కూడా ఉంటుంది.

రోజుకు ఎంత వస్తుంది?

మీ సగటు రోజు జీతంలో 70 శాతం. నెలకు 15,000 అంటే రోజుకు 500 లెక్క, అందులో 350 వస్తుంది. ఏడాదికి గరిష్ఠంగా 91 రోజులు.

మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. దాన్ని వెయిటింగ్ పీరియడ్ అంటారు. పది రోజులు టైఫాయిడ్‌తో పడుకుంటే ఎనిమిది రోజులకే లెక్క: 2,800. అదే పది రోజులకు జీతమైతే 5,000 వచ్చేది. ఈ లెక్క ముందే కాగితం మీద వేసి చూపిస్తాను నేను. నెలాఖరుకొచ్చి "సగమే పడిందేంటి సార్" అని కొట్లాడేకన్నా ముందు తెలిసి అప్పు తక్కువ చేయడం నయం.

ఇంకో మెలిక. కంపెనీ మీకు సెలవు జీతం ఇచ్చిన రోజుకు ఈఎస్‌ఐ డబ్బు రాదు. ఒకే రోజుకు రెండు చోట్ల తీసుకోకూడదు. పెద్ద జబ్బని తెలిస్తే ఈఎల్‌లు (జీతంతో వచ్చే ఎర్న్‌డ్ లీవులు) దాచుకుని ఈఎస్‌ఐ డాక్టరిచ్చే జబ్బు సర్టిఫికెట్ మీద ఉండాలా, లేక ముందు పూర్తి జీతం వచ్చే సెలవులు వాడుకోవాలా అన్నది మీ ఇంటి అవసరాన్ని బట్టి చూసుకోండి. నా సలహా మాత్రం చిన్న జ్వరానికి సెలవు, నెల దాటే జబ్బుకు సర్టిఫికెట్.

అర్హత ఎలా లెక్కేస్తారు? 78 రోజులు అంటారు, ఏమిటది?

ఏడాదిని రెండు ముక్కలు చేశారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఒకటి, అక్టోబర్ నుంచి మార్చి దాకా ఇంకొకటి. ఒక్కో ముక్కలో కనీసం 78 రోజులకు మీ పేరున చందా పడి ఉండాలి. ఏప్రిల్-సెప్టెంబర్ చందా తర్వాతి జనవరి నుంచి జూన్ దాకా పనికొస్తుంది. అక్టోబర్-మార్చి చందా జులై నుంచి డిసెంబర్ దాకా.

అంటే ఈ రోజు జబ్బు చేస్తే ఈ నెల కోత కాదు, వెనకటి ఆరు నెలల కోత చూస్తారు. ఇది బుర్రకెక్కడానికి నాకే రెండేళ్లు పట్టింది, మీకు వెంటనే అర్థం కాకపోతే కంగారు లేదు. గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే: పోయిన సీజన్‌లో నెలల తరబడి నాగా పెడితే ఆ దెబ్బ ఈ సీజన్‌లో తగులుతుంది.

చేరి మూడు నెలలే అయింది. నాకు వస్తుందా?

జబ్బు డబ్బు రాదు. మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవాళ్లకు చేరిన తేదీ నుంచి తొమ్మిది నెలలు నిండాకే బెనిఫిట్ పీరియడ్, అంటే జబ్బు డబ్బు వచ్చే కాలం, మొదలవుతుంది. పనిలో దెబ్బ తగిలితే మాత్రం మొదటి రోజు నుంచే హక్కు ఉంది. అది కింద చెప్తాను.

బయట ప్రైవేటు డాక్టర్ దగ్గర చూపించుకున్నా. ఆ చీటీ చెల్లదా?

సాధారణంగా చెల్లదు. సర్టిఫికెట్ ఈఎస్‌ఐ డాక్టరే ఇవ్వాలి. ఈఎస్‌ఐ వసతి లేని చోటో, మరీ ప్రత్యేక పరిస్థితిలోనో ఇతర డాక్టర్ల సర్టిఫికెట్‌ను సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు నిబంధనల్లో ఉంది. కానీ అది వాళ్ల విచక్షణ, మనం ధీమాగా కూర్చునేది కాదు.

మా మౌల్డింగ్ సెక్షన్‌లో ఒక కుర్రాడికి పచ్చకామెర్లు వచ్చాయి. వాళ్లమ్మ ఫోన్ చేసి ఊరికి రమ్మంది. వెళ్లి ఇరవై రోజులు పసరు మందు తాగి, మజ్జిగన్నం తిని, కాస్త తేరుకుని వచ్చాడు. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి పంపిస్తే డాక్టరమ్మ ఆ రోజు నుంచి ఆరు రోజులకు రాసిచ్చింది. వెనకటి ఇరవై రోజులకు రాయమంటే ఎలా రాస్తుంది, ఆవిడ చూడనే లేదు కదా? ఆరు రోజుల్లో రెండు వెయిటింగ్‌కు పోయాయి. ఇరవయ్యారు రోజుల జబ్బుకు నాలుగు రోజుల డబ్బు. పసరు మందు మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకొద్దు. ఊరి బస్సెక్కే ముందు డిస్పెన్సరీ మెట్లెక్కి ఉంటే ఆ కుర్రాడికి ఐదారు వేలు వచ్చేవి.

ప్రైవేటు ఆస్పత్రిలోనే ఎమర్జెన్సీగా చేర్చాల్సి వస్తే ఇంట్లోవాళ్లు ఎవరైనా వెంటనే డిస్పెన్సరీకి వెళ్లి చెప్పాలి. డిశ్చార్జ్ సమ్మరీ జాగ్రత్తగా పెట్టుకుని, డిశ్చార్జ్ అయిన రోజునో మర్నాడో డిస్పెన్సరీలో చూపించాలి. ఈఎస్‌ఐ వాళ్లే రిఫర్ చేసి పంపిన టైఅప్ ఆస్పత్రి అయినా సరే, సర్టిఫికెట్ కోసం ఆ సమ్మరీ పట్టుకుని మళ్లీ డిస్పెన్సరీకి రావాల్సిందే.

ఫస్ట్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు సర్టిఫికెట్లు ఎందుకు?

మొదటి రోజు ఇచ్చేది ఫస్ట్. తగ్గకపోతే గడువు తీరే రోజుకు వెళ్లి తీసుకునేది ఇంటర్మీడియట్, ఇవి ఎన్నైనా ఉండొచ్చు. పనికి వెళ్లొచ్చని ఇచ్చేది ఫైనల్, మనం ఫిట్ సర్టిఫికెట్ అంటాం. ఫిట్ లేకుండా ఏ సూపర్‌వైజరూ గేటు లోపలికి రానివ్వడు.

ఈ కాగితాల్లో నేను మొదట చూసేది తారీఖులు. ఒకదాని చివరి తేదీ, తర్వాతి దాని మొదటి తేదీ గొలుసులా కలవాలి. నా అనుభవమే చెప్తాను. కరోనాకు ముందు సంవత్సరం నడుము పట్టేసి నలభై రోజులు మంచం మీదున్నాను. రెండో సర్టిఫికెట్ శనివారంతో అయిపోయింది. ఆదివారం సెలవు, సోమవారం పండగ. మంగళవారం ఆటో ఎక్కలేక బుధవారం వెళ్లాను. కొత్త సర్టిఫికెట్ బుధవారం నుంచే మొదలైంది. ఆదివారం, సోమవారం, మంగళవారం, మూడు రోజులూ గాలికిపోయాయి. అందరికీ తారీఖులు చూసి చెప్పేవాణ్ణి, నా చీటీ నేనే చూసుకోలేదు! సెలవు రోజు ముందుంటే గడువు తీరకముందే వెళ్లండి. శుక్రవారమే వెళ్లి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

సర్టిఫికెట్ డిస్పెన్సరీలో ఇచ్చారు. మళ్లీ బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లమంటున్నారు. ఎందుకు తిప్పుతున్నారు?

ఎందుకంటే అవి రెండూ వేర్వేరు ప్రభుత్వాలవి. డిస్పెన్సరీని రాష్ట్ర ప్రభుత్వం నడుపుతుంది. డబ్బు ఇచ్చే బ్రాంచ్ ఆఫీసు కేంద్రం కింద ఉండే ఈఎస్‌ఐ కార్పొరేషన్‌ది. డిస్పెన్సరీలో డబ్బు గురించి అడిగితే "మాకు తెలీదు" అంటారు, అది నిజమే, వాళ్లకు నిజంగానే తెలియదు.

సర్టిఫికెట్‌తో పాటు ఫారం 9 క్లెయిమ్ బ్రాంచ్ ఆఫీసులో ఇవ్వాలి. ఈఎస్‌ఐ వెబ్‌సైటులో మీ ఐపీ నంబర్‌తో (ఈఎస్‌ఐలో మీకిచ్చిన సొంత నంబర్) లాగిన్ అయి ఆన్‌లైన్‌లోనూ పెట్టుకోవచ్చు. నేను చూసినంతలో డబ్బు ఆగిపోయేది జబ్బు మీద అనుమానంతో కాదు, పేర్ల తేడాతో. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బ్యాంకులో ఒక్క అక్షరం, ఈఎస్‌ఐలో అసలు లేదు. లేదంటే పెళ్లికి ముందు తీసిన ఖాతా, రెండేళ్లుగా వాడక మూతపడింది. ఒంట్లో బాగున్నప్పుడే ఒక ఆదివారం కూర్చుని ఈ మూడూ సరిచూసుకోండి. మంచం మీదుండి బ్యాంకు చుట్టూ తిరగలేరు.

సర్టిఫికెట్ ఇచ్చే ముందు ఫోన్‌లో రెండువైపులా ఫొటో తీసుకోండి. ఇది ఏ రూల్లోనూ లేదు, నా మాట.

సర్టిఫికెట్ మీద ఉండగా మా ఊరెళ్లొచ్చా?

డాక్టర్ అనుమతి లేకుండా ఆ ప్రాంతం వదిలి వెళ్లకూడదని నిబంధన. శ్రీకాకుళం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి ఒంటరిగా వచ్చి రూముల్లో ఉండేవాళ్లకు వండిపెట్టే దిక్కుండదు, ఊరెళ్లాలనిపించడం సహజం. అలాంటప్పుడు డాక్టర్‌కు చెప్పి, కాగితం మీద రాయించుకుని వెళ్లండి. అక్కడ దగ్గర్లో ఉన్న ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో మీ కార్డు చూపించి వైద్యం కొనసాగించండి. చెప్పకుండా వెళ్లడం ఒక తప్పు, వెళ్లి పొలం పనిలో దిగడం రెండో తప్పు. సర్టిఫికెట్ మీద ఉండి ఇంకెక్కడా పని చేయకూడదు.

91 రోజులూ అయిపోయాయి. ఇంకా తగ్గలేదు. ఇక అంతేనా?

జబ్బు ఏమిటన్నదాన్ని బట్టి. దీర్ఘకాలిక జబ్బులు 34 ఒక జాబితాగా ఉన్నాయి. వాటికి ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది. రేటు కూడా ఎక్కువ, 80 శాతం. మన 15,000 జీతగాడికి రోజుకు 400. గరిష్ఠంగా రెండేళ్ల దాకా పొడిగించే వీలుంది, అయితే మధ్యమధ్యలో మెడికల్ బోర్డు చూసి సిఫారసు చేయాలి.

జాబితాలో టీబీ, క్యాన్సర్, కుష్ఠు, ఎయిడ్స్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్, పొట్టలో నీరు చేరిన లివర్ సిర్రోసిస్, గుండె జబ్బుల్లో తీవ్రమైనవి, పార్కిన్సన్స్, గ్లకోమా, జారిన డిస్క్, విరిగి అతకని ఎముక ఉన్నాయి. స్కిజోఫ్రీనియా, తీవ్ర డిప్రెషన్ లాంటి మానసిక జబ్బులు కూడా ఉన్నాయి. ఈ చివరి మాట కావాలనే విడిగా రాశాను. మనసు జబ్బుకు సెలవు అడగడానికి సిగ్గుపడి ఉద్యోగమే మానేసినవాళ్లను ఇద్దర్ని చూశాను నేను. షుగర్ ఊరికే ఉంటే రాదు, దానివల్ల కాలికి పుండు పడితేనో, కంటి రెటీనా, కిడ్నీ దెబ్బతింటేనో వస్తుంది.

షరతు: జబ్బు మొదలయ్యే నాటికి రెండేళ్లు ఈఎస్‌ఐ కింద వరుసగా ఉద్యోగంలో ఉండాలి, అంతకుముందు నాలుగు కాంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి కనీసం 156 రోజుల చందా ఉండాలి. ఆరు నెలలకో కాంట్రాక్టర్ మారి, ప్రతి చోటా కొత్త ఐపీ నంబర్ తీసుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. పాత నంబరే చెప్పండి, అది జీవితాంతం ఒక్కటే. రెండు నంబర్లు ఉంటే కలపమని బ్రాంచ్ ఆఫీసులో అడగండి.

మెషిన్‌లో వేలు పడింది. ఇది కూడా సిక్ లీవేనా?

కాదు, కాకూడదు కూడా. పనిలో జరిగిన ప్రమాదానికి 90 శాతం వస్తుంది, 91 రోజుల గీత లేదు, కోలుకునేదాకా ఇస్తారు. 78 రోజుల షరతూ లేదు, చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా వర్తిస్తుంది. వేలు పోయి పనితనం శాశ్వతంగా తగ్గితే ఎంత శాతం తగ్గిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్నిబట్టి జీవితాంతం డబ్బు వస్తుంది. ఇంటి నుంచి డ్యూటీకి వస్తూనో పోతూనో జరిగిన రోడ్డు ప్రమాదం కూడా, డ్యూటీకి సంబంధం తేలితే, ఇందులోకే వస్తుంది.

చిక్కెక్కడంటే, యజమాని యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాలి. కొందరు సూపర్‌వైజర్లు "రిపోర్ట్ ఎందుకులే, ఇన్‌స్పెక్షన్లు వస్తాయి, సిక్కులో పెట్టుకో, ఖర్చులకు నేనిస్తా" అంటారు. ఒప్పుకోవద్దు. ఆ రోజు చేతిలో పెట్టే రెండు వేలు ఖర్చయిపోతాయి. పోయిన వేలికి జీవితాంతం రావాల్సింది కూడా వాటితోనే పోతుంది.

మా కాంట్రాక్టర్ కోస్తున్నాడు కానీ కట్టడం లేదు. ఇప్పుడు జబ్బు చేసింది. ఏం చేయాలి?

ఐపీ పోర్టల్‌లో మీ చందాల వివరాలు నెలలవారీగా కనిపిస్తాయి, ముందు అది చూడండి. కట్టకపోతే బ్రాంచ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పే స్లిప్పులు, జీతం పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు కార్డు జతచేయండి. యజమాని కట్టనందువల్ల కార్మికుడికి రావాల్సింది పోతే, ఈఎస్‌ఐ తానే ఇచ్చి యజమాని నుంచి వసూలు చేసుకోవచ్చని 1948 ఈఎస్‌ఐ చట్టం 68వ సెక్షన్ చెప్పింది. కాంట్రాక్టర్ ఎగ్గొడితే బాధ్యత అసలు కంపెనీ మీద ఉంటుంది. ఇది తెలిసినట్టు కంపెనీ మేనేజర్ ముందు మాట్లాడి చూడండి, సగం కేసులు అక్కడే తెగుతాయి.

సర్టిఫికెట్ మీద ఉండగా ఉద్యోగం తీసేస్తే?

ఈఎస్‌ఐ డబ్బు తీసుకుంటున్న కాలంలో, సర్టిఫికెట్ ఉన్న జబ్బుతో సెలవులో ఉన్న కాలంలో తీసేయకూడదు, శిక్షించకూడదు అన్నందుకే ఆ చట్టంలో 73వ సెక్షన్ పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి సెక్షన్ నంబర్లతో వాదనకు దిగేకన్నా ఈఎస్‌ఐ బ్రాంచ్ ఆఫీసుకు, లేబర్ ఆఫీసుకు తారీఖులున్న కాగితాలతో వెళ్లండి. కంపెనీకి మీరు సెలవు తెలియజేసినట్టు రుజువు ఉండాలి. వాట్సాప్‌లో సర్టిఫికెట్ ఫొటో పంపి, ఆ మెసేజ్ డిలీట్ చేయకుండా ఉంచుకున్నా చాలా పనికొస్తుంది.

నా జీతం 30 వేలు. ఈఎస్‌ఐ లేదు. నాకేముంది?

నిజం చెప్పాలంటే చాలా తక్కువ. రెండు రాష్ట్రాల్లోనూ షాపులు, సంస్థల చట్టం కింద ఏడాదికి 12 రోజుల జబ్బు సెలవు జీతంతో ఉంది. అది దాటితే కంపెనీ పాలసీ ఎంత ఉదారంగా ఉంటే అంత.

పీఎఫ్ ఉంటే జబ్బు కారణం చూపి ఫారం 31 మీద అడ్వాన్స్ తీసుకోవచ్చు. పేరుకు అడ్వాన్స్ కానీ తిరిగి కట్టక్కర్లేదు. అయితే అది మీ డబ్బే, ముసలితనం నుంచి అప్పు తెచ్చుకోవడమే. సర్వీసులో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే పీఎఫ్‌లోనే ఉన్న 1995 పెన్షన్ స్కీము కింద వికలత్వ పెన్షన్ ఉంది. దానికి పదేళ్ల సర్వీసు అక్కర్లేదు, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. ఈ సంగతి తెలియక పీఎఫ్ మొత్తం తీసుకుని వెళ్లిపోయే కుటుంబాలున్నాయి.

కూలి పని చేసుకునేవాళ్లకు?

పని పోయిన రోజుకు కూలి ఇచ్చే పథకం లేదు. జబ్బు ముదిరాక వచ్చే పెన్షన్లు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు 6,000, డయాలసిస్ చేయించుకునేవాళ్లకు, కిడ్నీ, కాలేయం, గుండె మార్పిడి అయినవాళ్లకు 10,000, పక్షవాతంతోనో కండరాల క్షీణతతోనో మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు 15,000 ఇస్తున్నారు. తెలంగాణలో ఆసరా కింద దివ్యాంగుల పెన్షన్ 2023లో 4,016 అయింది. డయాలసిస్ వాళ్లను 2022లో చేర్చారు, వాళ్లది 2,016. అదే కిడ్నీ, అదే డయాలసిస్, కృష్ణానదికి అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. దివ్యాంగుల పెన్షన్‌కు సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. సదరం క్యాంపుకు స్లాట్ దొరకడానికే టైం పడుతుంది, అందుకని జబ్బు నెమ్మదించేదాకా ఆగకుండా ముందే దరఖాస్తు పెట్టండి.

టీబీ అయితే ఎవరికైనా, ఈఎస్‌ఐ ఉన్నా లేకున్నా, మందులు వాడినన్నాళ్లు నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడతాయి. 2024 నవంబర్‌కు ముందు 500 ఉండేది.

ఆరోగ్యశ్రీ ఉంది కదా, అది ఇవ్వదా?

అది ఆస్పత్రికి కట్టేది, మీ చేతికి వచ్చేది కాదు. బ్యాంకులో ఏటా 20 రూపాయలు కోసే ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా జబ్బుకు పనికిరాదు, ప్రమాదానికే. పక్షవాతం వచ్చి కాలు చెయ్యి పడిపోయినా అది ప్రమాదం కిందికి రాదు. ఆ 20 రూపాయల మీద ఆశ పెట్టుకుని వచ్చినవాళ్లకు ఈ మాట చెప్పడం నాకు ఎప్పుడూ కష్టమే.

ఫిట్ తీసుకుని డ్యూటీకి వచ్చా. వారానికే మళ్లీ జ్వరం తిరగబెట్టింది. మళ్లీ రెండు రోజులు పోతాయా?

పోవు. ముందటి సిక్కు ముగిసిన 15 రోజుల లోపే మళ్లీ పడితే వెయిటింగ్ పీరియడ్ రెండోసారి లెక్కించరు, మొదటి రోజు నుంచే డబ్బు వస్తుంది. కాకపోతే డిస్పెన్సరీకి ఆ రోజే వెళ్లాలి. పాత ఫైనల్ సర్టిఫికెట్ కాపీ జేబులో పెట్టుకుని వెళ్లండి, కొత్త చీటీ రాసే డాక్టర్‌కు, తర్వాత బ్రాంచ్ ఆఫీసులో క్లర్కుకు అదే చూపించండి.